నౌపడ దారిలో పచ్చకోటు

నౌపడ ఉప్పుమడుల మధ్య, మిట్టమధ్యాహ్నం ఎండలో నా బైకు పంచరైంది. నా సంచిలో మందుల డబ్బా, టార్చి, ఈల అన్నీ ఉన్నాయి, గాలిపంపు తప్ప. వెనకనుంచి ఎవరూ గుద్దకుండా మెరిసే పచ్చకోటు తొడుక్కుని, రోడ్డు మీద ఎర్ర త్రికోణం నిలబెట్టాను. ఇక చూడండి, వచ్చే బైకులన్నీ నన్ను దూరాన్నుంచే చూసి ఉప్పుకుప్పల వెనక్కి దూరిపోవడం!

చివరికి తప్పించుకోలేక బైకు మీద ఒక జంట దగ్గరికొచ్చింది. అతను ట్యాంకు మీది హెల్మెట్ తీసి గబుక్కున నెత్తిన పెట్టుకున్నాడు. అందులోని ఎండుచేపలు భుజాల మీదికి జారాయి.

"లైసెన్సు ఇంటికాడ ఉన్నాది సార్!"

"నేను పోలీసుని కాదండీ బాబూ, పంచరైంది!"

అతను కుప్పల వైపు తిరిగి అరిచాడు. "ఒరే, రండిరా! పోలీసోడు కాదు, పంచరు!"

బైకులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఒకాయన పంపు తెచ్చాడు, ఇంకొకాయన అతుకు వేశాడు. నేను బయల్దేరేసరికి చేపలు మళ్లీ హెల్మెట్‌లోకి చేరిపోయాయి.

అది చూసి ఆ చేపలాయన భార్య నా కోటు అంచు పట్టుకుంది.

"బాబూ, ఇది నాకిచ్చీ. మాయన బండి తీసినప్పుడల్లా ఏసుకుని ఎదురుగా నిల్సుంటాను."