మల్లేశమన్న కుడికాలు

2012ల నేను నారాయణగూడల ఒక చిన్న ఆసుపత్రిల స్టడీ నర్సును. అంతకు ముందు పద్దెనిమిదేండ్లు అదే ఆసుపత్రి డ్రెస్సింగ్ రూముల పని చేసిన. షుగర్ పుండ్లు కడుగుడు, కట్లు కట్టుడు నాకు అన్నం తిన్నంత అలవాటు. పెద్ద సర్జన్లు గూడ “సరోజమ్మ చూసిందా?” అని అడిగినంకనే కత్తి పట్టెటోళ్లు. ఇది గొప్పలకు చెప్తున్న అనుకుంటే అనుకోండ్రి, నాకేం బాధ లేదు.

స్టడీ నర్సంటే ఏందో జర చెప్పాలె. మందు ల్యాబ్‌ల పుట్టంగనే మెడికల్ షాపుకు రాదు. ముందుగాల గాజు పళ్లెంల పెంచిన కణాల మీద చూస్తరు. తర్వాత ఎలుకలు, కుందేళ్లు. ఆ తర్వాత కొంతమంది మనుషులు. అన్నీ దాటినంక చానమంది రోగుల మీద చూసే మెట్టును ఫేజ్ త్రీ అంటరు. మాకు వచ్చింది ఆ మెట్టుల ఉన్న ఒక జెల్, షుగర్ పుండ్లకు రాసేది. సగం మంది ట్యూబులల్ల మందు ఉంటది, సగం మంది ట్యూబులల్ల మందు లేని ఉత్త జెల్. ట్యూబు మీద నంబరే గాని పేరుండదు. ఏది ఎవరికి పడ్డదో రోగికి తెల్వదు, డాక్టరుకు తెల్వదు, నాకు తెల్వదు. దీన్నే డబుల్ బ్లైండ్ అంటరు. మిగిలిన సేవలు, అంటే కట్టు, శుభ్రం, షుగర్ కంట్రోలు, అందరికీ ఒక్కతీరే చెయ్యాలె.

నాతోపాటు స్వప్న అని ఇంకో కోఆర్డినేటర్ ఉండె, రోగులను ఇద్దరం పంచుకొని చూసెటోళ్లం. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. ఇరవై ఆరేండ్ల పిల్ల. వచ్చిన కొత్తల గాజుగుడ్డ మడత పెట్టుడు గూడ రాకపోతే నేనే నేర్పిన. గట్లాంటిది, మూడు నెలలు తిరగకముందే ఆ పిల్ల రోగుల పుండ్లు మూసుకుంటున్నయి, నా రోగులవి ఎక్కడియి అక్కడ్నే ఉన్నయి. ఒక రోజు మీటింగుల పెద్ద డాక్టరు సార్ అందరి ముందట, స్వప్న ఫైళ్లు చూసి నేర్చుకోండి అన్నడు. నా కడుపు మండింది. మండలేదంటే అబద్ధమైతది. ఆ మధ్యాహ్నం తెచ్చుకున్న టిఫిన్ డబ్బా తెరవకుండనే ఇంటికి తీసుకపోయిన. మంచి ట్యూబులన్నీ ఆ పిల్లకే పడ్డయని నాకు నేనే చెప్పుకున్న.

నా రోగులల్ల మల్లేశమన్న ఒకడు. యాభై రెండేండ్లు ఉంటయి. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందుల టైలర్ షాపు. అశోక్‌నగర్ హాస్టళ్లల్ల ఉండి గవర్నమెంటు పరీక్షలకు చదివే పిల్లల ప్యాంట్లు పొట్టి చేసుడు, చినిగినయి కుట్టుడు, పరీక్షలు గట్టెక్కి ఇంటర్వ్యూ పడ్డోళ్లకు కొత్త చొక్కాలు కుట్టుడు ఆయన పని. కుడి పాదం కింద, బొటనవేలు మొదట్ల, రూపాయి బిళ్లంత పుండు. ట్రయల్‌ల చేర్చుకునే ముందు రోగికి అన్నీ తెలుగుల వివరంగ చెప్పి సంతకం తీసుకుంటం, దాన్ని ఇన్ఫార్మ్‌డ్ కన్సెంట్ అంటం. నేను అన్నీ చదివి వినిపించిన. ఆయన ఒక్కటే అడిగిండు.

“సిస్టరమ్మా, కాలుంటదా?”

“నా చేతుల పడ్డ కాలు ఇంతవరకు పోలేదన్నా” అన్న.

గట్ల అనొద్దు. ట్రయల్‌ల ఎవరికీ హామీ ఇయ్యొద్దని మొదటి రోజే నేర్పుతరు. నా పొగరు ఊకోలే.

పది వారాలైంది. పుండు మానుడు అటుంచి, అంచులు ఇంకా వెడల్పైనయి. సార్ సన్నటి కడ్డీ పెట్టి లోతు చూసి, ఇంకా రెండు వారాలు చూద్దాం, ఎముకకు తగిలితే బొటనవేలు తీసెయ్యాలె, అంతటితోని ఆగుతదని గూడ చెప్పలేను అన్నడు. నేను కట్టు కడుతుంటే మల్లేశమన్న మెల్లగ అన్నడు.

“తప్పుగ అనుకోకు సిస్టరమ్మా. నాతోని వచ్చే పూలమ్మే ఆమెకు తగ్గింది. నన్ను గూడ స్వప్న మేడం దిక్కు రాయిస్తవా?”

అట్ల మార్చే రూల్ లేదని చెప్పిన. రూల్ ఉన్నదో లేదో నాకు తెల్వనే తెల్వదు. చెంప మీద కొట్టినట్లయింది నాకు. ఆయన కాలు పోతదన్న పరేషాన్ కంటే ఆయన నోట్ల స్వప్న పేరు వచ్చిందన్న మంటనే ఎక్కువుండె. ఇయ్యాల ఆ మాట ఒప్పుకుంటున్న.

అందరు అన్నం తినపోయినప్పుడు స్వప్న బీరువా తీసిన. తప్పు దొరకాలనే తీసిన. రోజూ జెల్ రాసినమని రోగులు ఇంట్ల గుర్తు పెట్టుకునే డైరీ కార్డు ఒకటుంటది. కొంతమంది కోఆర్డినేటర్లు రోగి వచ్చినప్పుడే నెల రోజులవి ఒక్క పెన్నుతోని ఒక్కసారే నింపిస్తరు. అట్లాంటిది దొరుకుతదని ఒక్కొక్క కార్డు తిరగేసిన. దొరకలే. ఒకతాన నీలం, ఒకతాన నలుపు, ఒకతాన పిల్లల పెన్సిలు. పసుపు మరకలు గూడ ఉన్నయి.

దొరికింది వేరేది. ఫారంల ఆఫ్‌లోడింగ్ అని ఒక గడి ఉంటది, అంటే పుండు మీద బరువు పడకుండ చూసుడు. సలహా ఇచ్చినరా, లేదా? నేను అందరికీ ఇచ్చినట్లు టిక్కు పెట్టిన. అబద్ధం గాదు, నడవొద్దని అందరికీ చెప్పిన. స్వప్న టిక్కు పెట్టి పక్కన సన్నటి అక్షరాలతోని రాసింది. పూలమ్ముతది, మునికాళ్ల మీద గొంతుక్కూసుంటది, పీట ఇప్పించిన. ఇంకోతాన, హాస్టల్ వాచ్‌మన్, రోజుకు పదిసార్లు మూడంతస్తులు ఎక్కుతడు, వార్డెన్‌తోని మాట్లాడి గేటు దగ్గర కుర్సీ వేయించిన.

సిగ్గనిపించాలె. అనిపించలే, ఇంకా మండింది. పీటలు, కుర్సీలు పంచుడు గూడ ఒక చదువేనా అనుకున్న. అట్లనుకుంటనే మల్లేశమన్న ఫైలు తీసిన. ఐదుసార్లు వచ్చిండు. ఐదు టిక్కులు. టైలరని నేనే రాసిన.

తెల్లారి డ్యూటీకి ముందే ఆయన షాపుకు పోయిన. సందుల ఉండంగనే మిషన్ చప్పుడు వినపడుతున్నది. గడప దగ్గరకు పోయి కిందికి చూసిన. పాత మిషన్. ఇనుప పెడల్. నేను ముచ్చటగ కట్టిన తెల్ల కట్టు ఆ పెడల్ మీద లేస్తున్నది, దిగుతున్నది. బొటనవేలు మొదట్ల గుడ్డ నల్లబడ్డది.

“నడవొద్దని చెప్పిన గదా మల్లేశమన్నా” అన్న.

“నడుస్తలేను సిస్టరమ్మా. ఇంటి నుంచి ఆటోల వస్త, ఆటోల పోత. నువ్వు చెప్పినప్పటి నుంచి కుర్సీల నుంచి లేస్తనే లేను.”

“నొస్తలేదా?”

“నొస్తే ఆపకపోదునా? ఆ కాలుకు స్పర్శనే లేదు గదా.”

నేను చెప్పింది చెప్పినట్లు చేసిండు ఆయన.

అప్పుడు నా మనసుల ఒక పాడు ఆలోచన వచ్చింది. ఎవరికీ చెప్పకుండ పెడల్ ఆపిస్తే చాలు, పుండు మానుతది, పేరు నాకొస్తది, టిక్కులు టిక్కుల్లెక్కనే ఉంటయి. కాని నా ఫారంల ఏమున్నది? పది వారాలు కాలు మీద బరువు పడలే, జెల్ రాసినా మానలే అన్నట్లు ఉన్నది. ఎక్కడో కూసోని లెక్కలు తీసేటోళ్లు నా టిక్కును నమ్మి, ఈ మందు పని చెయ్యదని రాస్తరు. నా ఒక్కదాని పొగరుకు ఎంతమంది కాళ్లకు ఆ మందు అందకుండ పోతది?

రోగి ఏం పని చేస్తడో చూడకుండనే టిక్కులు పెట్టినని పోయి సార్‌కు చెప్పిన. స్వప్న అక్కడ్నే ఉన్నది. ఆ పిల్ల బయటికి పోయేదాక ఆగాలనిపించింది, ఆగలే. సార్ నా ఫైలు ముందటికి గుంజుకున్నడు.

“ఎంతమందివి సరోజమ్మా?”

“అందరివి సార్.”

నియమం తప్పినట్లు ఎథిక్స్ కమిటీకి రాసిండ్రు, కంపెనీకి గూడ రాసిండ్రు. నా రోగుల ఫారాలన్నిటి మీద గుర్తు పడ్డది. నన్ను కొత్తోళ్లను చేర్చుకునే పని నుంచి తీసేసిండ్రు. నా రోగులు స్వప్న చేతికి పోయిండ్రు. మల్లేశమన్న కోరుకున్నట్లే ఆ పిల్ల కుర్సీ ముందు కూసున్నడు. మిషన్‌కు మోటారు బిగించి, ఎడమకాలితోని తొక్కేటట్లు చేయించిండ్రు. పుండు మెల్లమెల్లగ మూసుకున్నది. వేలు దక్కింది.

“అక్కా, కట్టు మాత్రం మీరే కట్టాలె. నేను కడితే జారుతున్నది” అని స్వప్న పిలిచేది. పోయి కట్టిన. ఆ మాటతోని నా మంట చల్లారిందనుకునేరు. చల్లారలే. ఎదుటి మనిషి మంచిదైతే ఇంకా మండుతది.

2014ల ట్రయల్ అయిపోయినంక నంబర్ల గుట్టు విప్పి, ఎవరి ట్యూబుల ఏమున్నదో లిస్టు పంపిండ్రు. మొదలు పూలమ్మే ఆమె నంబరు చూసిన. ఉత్త జెల్. తర్వాత మల్లేశమన్నది చూసిన. మందు. మొదటి రోజు నుంచి ఆయన కట్టు కింద అసలు మందే ఉన్నది. ల్యాబ్‌ల పుట్టి, ఎలుకలను దాటి, ఇన్నేండ్లు ఇంతమంది చేతులు మారి నా దాక వచ్చింది. మంచి ట్యూబు నాకే పడ్డది. పెడల్ దిక్కు చూడనిది నేను.

ఇప్పుడు కొత్త నర్సులు వస్తే మొదటి రోజు నేను ఒక్కటే నేర్పుత. రోగికి ఏం చెప్పినవని నేను అడగను, ఆయన పని చేసుకుంటుంటే చూసినవా అని అడుగుత. ఎంత మంచి మాట చెప్పిండ్రు మేడం అని రాసుకుంటరు. అది స్వప్న దగ్గర నేర్చుకున్నదని వాళ్లకు ఇప్పటిదాక చెప్పలే.