గొట్టం మూసి చేసిన పరీక్ష

దయ్యాల కబుర్లు మొదలైతే హాస్టల్లో లేచి వెళ్లిపోయేవాణ్ణి. కొలవలేనిదాన్ని నేను నమ్మను. నా పనే కొలవడం.

కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను. చెవిలో పడ్డ మాట మెదడు అడుగున ఉండే బ్రెయిన్‌స్టెమ్ మీదుగానే పై మెదడుకు చేరుతుంది. మనిషి నిద్రలో ఉన్నా ఆ భాగం మాటను విద్యుత్ అలగా మారుస్తుంది. తలకు తీగలు అంటించి, 'దా' అనే శబ్దాన్ని వేలసార్లు వినిపించి, ఆ అలల సగటు తీస్తాను.

నస్పూర్‌కు చెందిన ఏలియా బొగ్గు గనిలో తలకు దెబ్బ తగిలి పదకొండు రోజులుగా స్పృహలో లేడు. ఇంటికి తీసుకుపోదామని తమ్ముడు, వద్దని భార్య రూతమ్మ. ఈ పరీక్షలో ఏది తేలితే అది చేద్దామని ఒప్పుకున్నారు.

"పొద్దుమాపు ఆయన చెవుల బైబిల్ వాక్యం చదువుతున్న సారూ. ఇంటుండా, ఇంటలేడా, గంతే చెప్పుండ్రి," అంది రూతమ్మ.

"మంచిగున్నప్పుడే నీ మాట ఇనలే వదినె, ఇప్పుడింటడా?" అన్నాడు మరిది. ఆమె కూడా కొంచెం నవ్వింది.

మధ్యాహ్నం రెండున్నరకు మొదలుపెట్టాను. టిక్కు శబ్దానికి చెవి నరం స్పందించింది, దాని పైన బ్రెయిన్‌స్టెమ్‌లో ఏమీ లేదు. 'దా'కు రెండు చెవుల్లోనూ, రెండేసి సార్లు, ఏమీ లేదు.

చివరగా ఇయర్‌ఫోన్ నుంచి చెవిలోకి శబ్దం తెచ్చే గొట్టానికి క్లిప్పు పెట్టి, శబ్దం చెవికి చేరకుండా ఇంకోసారి చేస్తాం. అప్పుడు గీత చదునుగా రావాలి. అల వస్తే మిషన్‌లో లోపం ఉన్నట్టు.

అల వచ్చింది.

మా 'దా' మగగొంతు, సెకనుకు వంద కంపనాలు. ఈ అల రెండు వందల పది. క్లిప్పు మార్చాను. ఇయర్‌ఫోన్ తీసేశాను. తీగలు కొత్తవి అంటించాను. ఏసీ, లైట్లు ఆపాను. అల అలాగే ఉంది.

అప్పుడు అద్దం తలుపులోంచి రూతమ్మ కనిపించింది. వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

నర్సుతో చెప్పి ఆమెను టీకి పంపించాను. గీత చదునైంది. తిరిగొచ్చి పెదవులు కదిపింది, అల లేచింది. మూడుసార్లు ఇలాగే చూశాను. నిజానికి ఆమె గట్టిగా చదివినా అల రాకూడదు. మిషన్ లయతో కలవని శబ్దం సగటులో చెరిగిపోతుంది.

తర్వాత వివరాలు అడుగుతూ ఆమె గొంతు ఫోన్‌లో రికార్డు చేసి కొలిచాను. రెండు వందల పది.

రిపోర్టులో గొట్టం మూసిన పరీక్షకు గడి లేదు. 'స్పందన లేదు' అని రాశాను. ఆమె అడిగితే, వినపడటం లేదమ్మా అన్నాను.

"గట్లయితె ఇగ చదువ సారూ," అంది.

ఆ తర్వాత ఆమె పెదవులు కదలడం నేను చూడలేదు. మర్నాడు పొద్దున అతన్ని తీసుకుపోయారు. సాయంత్రానికి పోయాడని మరిది ఫోన్ చేశాడు. వదినె పక్కనే కూర్చుంది గానీ ఒక్క మాట మాట్లాడలేదని చెప్పాడు.

కంపెనీ ఇంజనీరు వచ్చి మిషన్ విప్పి చూశాడు. ఏ లోపమూ లేదు.

అలాంటి అలను తిరిగి శబ్దంగా మార్చి వినవచ్చు. ఐదు నిమిషాల పని. ఫైలు నా దగ్గరే ఉంది. ఇంతవరకు వినలేదు.