ఉడుము పెట్టెలోంచి తీసిన ట్యూబులైటు

ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

కువైట్ యుద్ధం నాటికి నేను సౌదీలోని ధహ్రాన్‌లో ఒక కంపెనీ క్వార్టర్ల కాంపౌండ్‌లో ఎలక్ట్రీషియన్ని. మాది జగిత్యాల దగ్గర. ఆ కాంపౌండ్‌లో ఉండే గుంటూరు ఇంజనీరు సారు కూతురు గాజు పెట్టెలో ఒక ఉడుమును పెంచేది. యుద్ధం భయంతో సారు భార్యాబిడ్డల్ని ఇండియా పంపారు. తను డ్యూటీ మీద జెద్దా వెళ్తూ ఉడుమును నాకూ, క్లీనింగు పని చేసే బంగ్లాదేశీ రఫీక్‌కూ అప్పగించారు. పెట్టె కడగడం రఫీక్ పని. దీపాలు, తిండి నా పని. వేడికి ఒక బల్బు, ఎండకు బదులు ఒక ప్రత్యేకమైన ట్యూబు, మాంసం మీద చల్లడానికి కాల్షియం పొడి. ఇవి లేకపోతే దాని ఎముకలు గుల్లబారతాయని, ఏదీ మానొద్దని కాగితం మీద రాసిచ్చారు.

నాకు నవ్వొచ్చింది. ఉడుమును పట్టి కూర వండుకు తిన్నవాణ్ని, దాని సంగతి నాకు రాసిస్తారా? వేడి తగిలితే చాలదా?

ఇరాక్ విషపు గ్యాసు వదులుతుందన్న భయానికి కిటికీలన్నిటికీ నల్ల ప్లాస్టిక్ అంటించాం. ఎండ పోయింది. అదే వారం నా గదిలో ట్యూబు కాలిపోయింది, స్టోరు మూసి ఉంది. ఉడుము ట్యూబు తెచ్చి నా గదిలో పెట్టుకున్నాను. పొడి చల్లితే మాంసం ముట్టడం లేదని పొడీ మానేశాను. యుద్ధం అయిపోయింది, స్టోరు తెరిచారు, నేను మాత్రం ట్యూబు తిరిగి పెట్టలేదు. ఉడుము పొట్ట ఈడుస్తూ నడిచేది. దీనికేదో అయిందని రఫీక్ రెండుసార్లు చెప్పాడు. కొట్టిపారేశాను. సారు వస్తున్నారని తెలిసిన రోజే ట్యూబు మళ్లీ బిగించాను. వచ్చీరాగానే సారు ఉడుమును ఎత్తి చూశారు.

"దీని కాలు విరిగిందేంటయ్యా? లైటు రోజూ వేశావా? పొడి చల్లావా?"

"ఏసిన సార్. ఒక్క దినం తప్పలే."

"మరెలా విరిగింది?"

"పెట్టె కడిగేది రఫీకే గద సార్. చెయ్యి జారి కింద పడ్డదో ఏమో."

రఫీక్ నా పక్కనే ఉన్నాడు. అతనికి తెలుగు రాదు. తన పేరు విని, నేను మంచే చెబుతున్నాననుకుని తలూపాడు. తప్పు ఒప్పుకున్నాడని సారు అనుకున్నారు.

ఉడుము పది రోజులకు చచ్చిపోయింది. రఫీక్‌ను పనిలోంచి తీసేసి, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి వాళ్ల దేశం పంపేశారు. వెళ్లేముందు నన్ను కావలించుకున్నాడు.

"భాయ్, మేరే లియే ఇత్నా బాత్ కియా. షుక్రియా."

తన తరఫున ఇంతగా మాట్లాడానని నాకే కృతజ్ఞతలు చెప్పాడు. అప్పుడైనా నిజం ఎందుకు చెప్పలేదు నేను? నన్ను పంపేస్తారన్న భయం ఉంది, కాదనను, కానీ అంతకంటే ఎక్కువగా ఉడుము గురించి నాకేమీ తెలియదని పదిమందిలో ఒప్పుకోవడం నాకు చేతకాలేదని ఇప్పుడనిపిస్తోంది, అదీ నాకు వీలుగా నేను కల్పించుకున్న మాటేమోనని మళ్లీ అనుమానం వస్తోంది.

మొన్న నా మోకాళ్లకు డాక్టరు కాల్షియం మాత్రలు రాశాడు, రోజూ కాసేపు ఎండలో కూర్చోమన్నాడు. కూర్చోలేకపోతున్నాను.

రఫీక్ చెయ్యి జారలేదు. ట్యూబు అప్పుడు నా గదిలో ఉంది. ఈ రెండు ముక్కలు రాశాక కాస్త గాలి ఆడుతోంది. కానీ ఇదీ తెలుగులోనే రాశాను. అతనికి ఇదీ అర్థం కాదు.