ప్రార్థన చేయించిన పాత బండి

పాల్వంచ కాలనీలో ఉన్న రోజుల్లో నాకు ఆదివారమంటే గుబులుగా ఉండేది. ఆదివారం వచ్చిందంటే బండి ఇప్పాలి. ఇప్పిందాన్ని పొద్దుగూకేలోగా బిగించాలి. బిగించాక అది స్టార్ట్ కాకపోతే, వరండాలో చతికిలబడ్డ నన్ను దారిన పోయే ప్రతివాడూ పలకరిస్తాడు.

నేను థర్మల్ కరెంటు ప్లాంటులో ఫిట్టర్ని. మనిషి దూరిపోయేంత పైపులున్న పంపుల్ని ఇప్పి బిగించడం నా ఉద్యోగం. అలాంటివాడు సెకండ్ హ్యాండులో కొన్న మోటార్‌సైకిల్‌ని తోసుకుంటూ మెకానిక్ షెడ్డుకు పోతే ఏమన్నా బాగుంటుందా? ఆ షెడ్డేమో సరిగ్గా షిఫ్టు బస్సులు ఆగేచోటే ఉంది. అందుకని ఎంత పెద్ద రిపేరైనా ఇంట్లోనే. మా ఎదురింటాయన మా సెక్షన్‌వాడే, నోరు ఊరుకోదు.

"ఏందన్నా, ప్లాంటుల గంత పెద్ద పంపును గిర్రున తిప్పుతవ్. గీ బుడ్డ బండి నీ మాట ఇంటలేదా?"

నేను నవ్వేసేవాణ్ణి. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయేది.

స్క్రూలు కలిసిపోకుండా మా ఆవిడ ఇడ్లీ ప్లేట్లు తీసుకుని ఒక్కో గుంటలో ఒక్కో రకం పెట్టుకునేవాణ్ణి. నా తెలివికి నేనే మురిసిపోయాను గానీ, మర్నాడు ఇడ్లీలు పెట్రోలు వాసన కొట్టాయి. ఆమె నా పళ్ళెంలోనే ఇంకో రెండు వడ్డించింది. ఒకసారి అంతా బిగించాక ఒక వాషర్ మిగిలిపోయింది. అది ఎక్కడిదో తెలియక చొక్కా జేబులో వేసుకుని తిరిగాను. ఇంకోసారి కిక్కు ఎదురు తన్ని పిక్క వాచిపోతే, డ్యూటీలో మెట్ల మీద జారానని అబద్ధం చెప్పాను. ఫిట్టర్‌ని సొంత బండి తన్నిందని ఎట్లా చెప్పుకుంటాను?

గెలిచిన రోజులూ లేకపోలేదు. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం పూడుకుపోతే, తెగిన క్లచ్చు తీగలోంచి ఒక పోగు లాగి దాంతో పొడిచి శుభ్రం చేశాను. ఇంజను ఎంత మెత్తగా ఆడిందంటే, దాన్ని ఆపబుద్ధి కాక, వాకిట్లో అట్లాగే వదిలేసి లోపలికొచ్చి ఆ చప్పుడు వింటూ టీ తాగాను. "పెట్రోలు ఊరికే వచ్చిందా?" అని మా ఆవిడ అడిగేదాకా ఆపలేదు.

అసలు పరువు పోయింది దుమ్ముగూడెం దారిలో. మా ఆవిడ పుట్టిల్లు అటువైపే. వాళ్ళ చిన్నాన్న కూతురి పెళ్ళికి వెళ్తుంటే, భద్రాచలం దాటాక అడవి మధ్యలో బండి ఆగిపోయింది. ఆమె పట్టుచీరలో ఉంది. నేను చొక్కా విప్పి, ఒట్టి బనీనుతో కూర్చుని ప్లగ్గు తుడుస్తున్నాను. తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని వస్తున్న ఆడవాళ్ళు కాసేపు నిలబడి చూసి, కోయ భాషలో ఏదో అనుకుని నవ్వుకుంటూ పోయారు. మాట అర్థం కాలేదు, నవ్వు అర్థమైంది. ఇంతలో పెళ్ళివారి ట్రాక్టరు వంటసామాన్లతో వచ్చింది. మా మామగారు డ్రైవరు పక్కన కూర్చుని ఉన్నారు. ఆయన కిందికి దిగి, కూతురికి చెయ్యందించి ట్రాలీలోకి ఎక్కించారు. గుండిగల మధ్య, గరిటెల కట్ట పట్టుకుని, పెళ్ళికూతురి అక్క పెళ్ళికి వెళ్ళింది. నేను భోజనాలయ్యాక చేరుకున్నాను.

ఆ తర్వాత ఆమె నా బండెక్కడం మానేసింది. ఊరి చివర బడిలో టీచరు ఆమె. రోజూ నాకంటే ముందే బయల్దేరి ఆటోలో ఇరుక్కుని వెళ్ళేది. కోపంగా మాట్లాడినా బాగుండేది, బండి ఊసే ఎత్తేది కాదు. నేను బండి తుడుచుకుంటుంటే నా పక్కనుంచే బుట్ట పట్టుకుని నడిచిపోయేది. ఖాళీ సీటేసుకుని డ్యూటీకి పోతుంటే కాలనీ అంతా నా వెనకాలే చూస్తున్నట్టుండేది. ఆమె మళ్ళీ ఎక్కి కూర్చోవాలి. నాకప్పుడు ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

సెలవు పెట్టి ఇంజను మొత్తం దించేశాను. అరిగినవి మార్చి, మార్చలేనివి సరిచేసి, మళ్ళీ ఎక్కించాను. ఈసారి ఏ వాషరూ మిగల్లేదు. ఎదురింటామె చూసి, "నాలుగు నిమ్మకాయలు తొక్కియ్యున్రి వదినా, దిష్టి పోతది" అంది. మాది చర్చికి పోయే కుటుంబం. "మేము అయ్యగారితోని ప్రార్థన చేపిస్తం" అంది మా ఆవిడ. తర్వాత నా వైపు తిరిగి, "ప్రార్థన అయినంక ఎక్కుత" అంది. చాలా రోజులకు బండి గురించి ఆమె అన్న మాట అదే.

మా దగ్గర కొత్త బండి కొంటే చర్చి మందిరం ముందు పెట్టి ప్రార్థన చేయించడం మామూలే. రంగు పోయిన పాత బండికి చేయించింది మాత్రం నేనొక్కణ్ణే. ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం చెయ్యి చాపితే, ఎంత రుద్దినా పోని గ్రీజు గోళ్ళలో నల్లగా కనిపించింది. గబుక్కున వేళ్ళు ముడుచుకున్నాను. ఆరాధన ముగిశాక అందరూ బయటికొచ్చి బండి చుట్టూ నిలబడ్డారు. పాస్టరు అయ్యగారు ట్యాంకు మీద చెయ్యి పెట్టి, ఈ వాహనము మీద ప్రయాణము చేయువారిని కాపాడుమని ప్రార్థించారు. మా ఆవిడ బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. ఒకే ఒక్క కిక్కు. బండి స్టార్టయింది. "ఆమెన్!" అని ఎవరో కుర్రాడు గట్టిగా అరిచాడు, అందరూ నవ్వారు. నేనూ తలెత్తుకుని నవ్వాను.

మెయిన్ రోడ్డెక్కి కాస్త దూరం పోయామో లేదో, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ప్లగ్గు ఇప్పాను. కర్చీఫుతో తుడిచాను. ఊదాను. కిక్కు మీద కిక్కు కొట్టాను. మందిరంలోంచి గుంపులుగా నడిచొస్తున్నవాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ, అడిగితే ఒక బాధ, అడక్కపోతే ఒక బాధ అన్నట్టు తల పంకించి పోతున్నారు.

"పెట్రోలు పైపుల గాలి పట్టినట్టుంది. కొత్తగ బిగిచ్చిన ఇంజను గదా, గట్లనే ఉంటది" అన్నాను.

"నాకు తెల్వదని ఒక్కసారన్న చెప్పిన్రా?" అంది ఆమె మెల్లగా, ఎవరూ వినకుండా. "షెడ్డుకు పోవాల్నంటే మీకు సిగ్గు. మీ సిగ్గుకోసం నేను రోడ్ల మీద నిలబడాలె."

సంచి భుజానికి తగిలించుకుని నడవడం మొదలుపెట్టింది. ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు, అదే నన్ను తినేసింది. తోసుకుంటూ ఆమె వెనకే నడిచాను. చెమట తుడుచుకోవడానికి ఆగి ట్యాంకుకు ఆనుకున్నప్పుడు, దాని కింద పెట్రోలు వదిలే తిప్పుడు బిళ్ళ చేతికి తగిలింది. మూసి ఉంది.

మూసింది నేనే. ప్లాంటులో ఏ మిషను దగ్గర్నించి కదలాలన్నా ముందు వాల్వు మూయాలి, ఆ తర్వాతే చేతులు కడుక్కోవాలి. ఆ అలవాటు చేతుల్లోకి ఇంకిపోయింది. మందిరం ముందు బండి నిలబెట్టినప్పుడు చెయ్యి దానంతటదే మూసేసింది. కార్బురేటర్‌లో మిగిలిన కాస్త పెట్రోలుతో ఇంతదాకా వచ్చింది పాపం.

తెరిచాను. ఒక్క కిక్కుకే స్టార్టయింది. ఆమెను అందుకుని పక్కన ఆపేసరికి, సంఘంలో పెద్దాయన, ఆయన భార్య, ఇంకా నలుగురైదుగురు అక్కడే నడుస్తున్నారు. పైపులో పట్టిన గాలి పోయిందని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"ఏమైండె?" అంది.

"పెట్రోలు బంద్ చేసి పెట్టిన. తెరుసుడు మర్చిపోయిన."

"ఎవరు బంద్ చేసిన్రు?"

"నేనే."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. రోడ్డు మీదే, అందరి ముందూ, పగలబడి నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. నా చెవులు వేడెక్కిపోయాయి, భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, సంచి సర్దుకుని, వెనక ఎక్కి కూర్చుంది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి, బడికైనా, మందిరానికైనా, పుట్టింటికైనా, నేను కిక్కు మీద కాలు పెట్టేసరికి వెనకనుంచి వీధంతా వినబడేలా అడిగేది: "పెట్రోలు తెరిచిన్రా?" ఎదురింటాయన నేర్చుకున్నాడు. కాలనీ పిల్లలు నేర్చుకున్నారు. మా మామగారి చెవిన కూడా పడింది. ఎన్నిసార్లు విన్నా సిగ్గుతో తల వాలిపోయేది. అయినా ఒక్కనాడూ ఆమెను ఆ మాట మానమనలేదు. అది అడగాలంటే ఆమె నా వెనక కూర్చుని ఉండాలి.