చిలుక కొరికిన జాంపండు

మా పాపకు మూడున్నరేళ్లు వచ్చేదాకా వచ్చిన ఒకే ఒక్క మాట "ష్". అది మాట కాదని జర్మనీలో పిల్లల డాక్టరు తేల్చి చెప్పింది. మా ఇంట్లో మాత్రం అంతకు మించి వాడుకలో ఉన్న మాట ఇంకోటి లేదు.

మేముండే ఊళ్లో ఆదివారం వస్తే గోడకు మేకు కొట్టకూడదు, వాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు, ఖాళీ సీసాలు వీధి చివరి డబ్బాలో వేయకూడదు, గాజు చప్పుడవుతుందని. మా కింద ఇంట్లో ఒక పెద్దాయన ఉంటాడు. మంచివాడే, పాప పుట్టినప్పుడు ఊలు టోపీ తెచ్చి ఇచ్చాడు. కానీ మా ఇంట్లో చెంచా కింద పడితే చాలు, చీపురు కర్రతో తన ఇంటి కప్పు మీద టక్‌టక్‌మని కొడతాడు. అందుకని పాప ఏడ్చినా ష్, నవ్వినా ష్, బొమ్మ కారు నేలమీద నడిపినా ష్. మా ఆయనా నేనూ ఇద్దరం ఇంట్లోంచే పనిచేసేవాళ్లం. చెవులకు హెడ్‌ఫోన్లు, పెదాల మీద వేలు. పాప చూసి చక్కగా నేర్చుకుంది.

చెవులు పరీక్షించారు, బాగానే ఉన్నాయన్నారు. చెప్పులు తెమ్మంటే తెస్తుంది, తలుపు వెయ్యమంటే చప్పుడు కాకుండా వేస్తుంది. మాటే లేదు. "సెలవులకు ఇండియా వెళ్లి రండి. అప్పటికీ మాట రాకపోతే వరసగా పరీక్షలు మొదలుపెడదాం" అంది డాక్టరు. ఆ 'వరసగా' అన్న మాట నన్ను వదల్లేదు. పిల్లలో ఏదో చెడిపోయిందని ఆమె అనలేదు, నాకే అలా వినిపించింది. నేను కోరుకున్నది పెద్దదేం కాదు. నా కూతురి గొంతు ఎలా ఉంటుందో వినాలి, అంతే.

ఆ వానాకాలం మా ఆయనకు సెలవు దొరక్క, పాపను తీసుకుని నేనొక్కదాన్నే నాచారం వచ్చాను. ఫ్యాక్టరీల వెనక సందులో కింది వాటాలో మా అమ్మ, ఆమె తమ్ముడు ఉంటారు. మామ పెళ్లి చేసుకోలేదు. ఉప్పల్‌లో బ్యాటరీల షాపులో కూర్చుంటాడు, ఎక్కువగా మాట్లాడుతుంటాడు.

మొదటి రోజే పాప సందు మొత్తాన్ని అదుపులో పెట్టింది. కుక్కర్ కూత పెడితే దాని ముందు నిలబడి "ష్". బోరు మోటారుకు "ష్". ఫోన్‌లో అరుస్తున్న మామకు "ష్". మామ భయపడి ఫోన్ పెట్టేశాడు. మా అమ్మ పొద్దున్నే గట్టిగా ప్రార్థన చేసే మనిషి. ఆమె హల్లెలూయ అంటే పక్క సందులో కుక్కలు లేస్తాయని మామ అంటాడు. పాప వచ్చి ఆమె మోకాళ్ల ముందు కూర్చుని పెదాల మీద వేలు పెట్టుకుంది. మా అమ్మ జీవితంలో మొదటిసారి దేవుడితో గుసగుసగా మాట్లాడింది.

"ఏందే, మాటలు రాకముందే హెడ్మాస్టర్ కొలువు దొర్కింది నీ బిడ్డకు," అంది లేచి. నవ్వుతూనే అంది గానీ కళ్లు తుడుచుకుంది.

పై వాటాలో భీమవరం వైపు నుంచి వచ్చిన ఆంటీ ఉంటుంది. సంగతి విని వెంటనే దిగి వచ్చింది.

"దీనికింత దిగులెందుకమ్మా? చిలక కొరికిన జాంపండు పెట్టండి. మా తమ్ముడికి అయిదేళ్లొచ్చినా మాట లేకపోతే అదే పెట్టారు. ఇప్పుడు బీమా పాలసీలు అమ్ముతున్నాడు."

నేను మా అమ్మ వైపు చూశాను. దిష్టి తీస్తానన్నా, తాయెత్తు కడతానన్నా "మనం గసుంటియి నమ్మం" అని గుమ్మంలోనే ఆపేసే మనిషి. ఈసారి మాత్రం ఆపలేదు.

"చిలుకను గూడ దేవుడే చేసిండు, జాంపండును గూడ దేవుడే చేసిండు. అండ్ల మనం చేసేదేముంది?" అంది.

సాయంత్రం మామ ఉప్పల్ మార్కెట్‌కు వెళ్లి చిలుక కొరికిన జాంపండ్లు ఉన్నాయా అని అడిగాడట. పండ్లమ్మే ఆమెకు రోషం వచ్చింది. "నా గంపల ఎవ్వలు కొర్కిన పండ్లు లేవు, వేరే తాన సూస్కో" అని కసిరి పంపింది. మామ మళ్లీ వెనక్కి పోయి పిల్ల సంగతి చెప్పుకున్నాడు. మర్నాడు వెళ్లేసరికి ఆమె గంపలో కొరికిన పండ్లు విడిగా ఒక కుప్ప పోసి, చుట్టుపక్కల బండ్లవాళ్ల దగ్గర కూడా ఏరి పెట్టి ఉంచింది. మామ సంచి నిండా ఎంగిలి పండ్లు మోసుకొచ్చాడు.

బల్ల మీద పాత పేపర్ పరిచి పంచాయతీ మొదలుపెట్టాం. మా అమ్మ బైబిలు చదివే కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క పండే తిప్పి చూస్తుంటే, ఆంటీ తీర్పు చెబుతోంది.

"ఇది ఉడత. ఉడత కొరికింది పెడితే గోడలెక్కుతుందండీ, మాట్లాడదు. ఇది గబ్బిలం, అవతల పారెయ్యండి. ఇదేమో..." అని ఒక పండు పక్కకు తిప్పి, "ఇది మనిషి పన్నమ్మా" అంది.

అందరం మామ వైపు చూశాం. దారిలో ఆకలైందని ఒప్పుకున్నాడు.

నేను చదువుకున్నదాన్ని, పాపకు నీళ్లు కూడా మరిగించి ఇచ్చేదాన్ని. పక్షి ఎంగిలి పిల్లకు పెట్టడమేమిటని మొదటి రోజు గట్టిగా వాదించాను. రెండో రోజు కాస్త తగ్గాను. మూడో రోజుకు, చిలుక ముక్కు గాటు వంకరగా ఉంటుందా తిన్నగా ఉంటుందా అని ఫోన్‌లో వెతుకుతున్నది నేనే. మునిగేవాడికి గడ్డిపరక దొరికినా చాలంటారు. నాకు జాంపండు దొరికింది.

నమ్మకమైన పండు కావాలంటే చిలుక కొరుకుతుండగా కళ్లారా చూడాలని చివరికి తేలింది. మామ దోస్తు ఒకతనికి కీసర తొవ్వలో జామతోట ఉంది. ఆదివారం చర్చి అయ్యాక నలుగురం పెద్దవాళ్లం, పాప, ఒక చాప, పులిహోర డబ్బా ఆటోలో ఎక్కి బయల్దేరాం. తోటలో చెట్టు కింద చాప పరిచి కూర్చున్నాం. చిలుకలు రాలేదు. ఎలా వస్తాయి? మామ బ్యాటరీల గురించి మాట్లాడుతున్నాడు, ఆంటీ మామకు సంబంధాలు చెబుతోంది, మా అమ్మ చిలుకల కోసం పైకే ప్రార్థన చేస్తోంది.

పాప లేచింది. ముగ్గురి ముందూ వరసగా నిలబడి "ష్" అంది. అందరూ నోళ్లు మూశారు. అది చాప మధ్యలో కూర్చుని కొమ్మల వైపు చూస్తూ ఉండిపోయింది. అంత నిశ్శబ్దంగా కూర్చోవడం మాలో దానికొక్కదానికే వచ్చు. కాసేపటికి పచ్చగా ఒకటి వచ్చి వాలింది. ఒక పండు కొరికి, నచ్చక వదిలేసి ఇంకో పండు కొరికింది. మొదటిది చాప పక్కనే పడింది.

మా అమ్మ కొంగుతో పట్టుకుని తెచ్చింది. నేను సీసాలో నీళ్లు తీసి కడగబోయాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "కడిగితే చిలక పోతుంది కదండీ" అంది. అయినా కడిగాను. పాప పెదాలు బిగించుకుంది. ఎలా తినాలో చూపిస్తానని మామ సగం తినేశాడు. మిగిలిన దాంట్లో పాప గోరంత ముక్క నమిలి, గింజ ఉమ్మేసింది. ఆ రోజు నుంచి మామ నోరు మూతపడలేదు. అంతకుముందు కూడా పడేది కాదు కాబట్టి ఫలితం తేల్చడం కష్టమైంది. పాప మాత్రం ఎప్పటిలాగే ఉంది.

ఆ సందులో పాప "ష్" అనని చప్పుడు ఒక్కటే. పొద్దున్నే పాత సామాను కొనేవాడి బండి వచ్చేది. దానికి కట్టిన మైకులో రికార్డు ఆగకుండా తిరిగేది: "పాత కూలర్లు, పాత ఫ్రిజ్‌లు, పాత ఇనుప సామాన్లు కొంటాం." అది వినిపించగానే పాప గేటు దగ్గరికి పరిగెత్తి, ఊచలు పట్టుకుని, బండి సందు మలుపు తిరిగేదాకా చూసేది. ఒకరోజు మా అమ్మ వరండాలో అడ్డంగా ఉన్న కూలర్‌ను వదిలించుకుందామని "ఓ కూలర్ల భయ్యా, జర ఆగు" అని అతన్ని కేకేసింది. అతను వెనక జాలీ తీసి, వేలితో రెక్క తిప్పి, చెవి ఆనించి విన్నాడు.

"ఖరాబ్ గాలేదమ్మా. పెట్టుకో," అన్నాడు.

"ఖరాబైందని నేనంటున్న గదా" అని మా అమ్మ గొడవపడింది. అతను జాలీ మళ్లీ బిగించి వెళ్లిపోయాడు. పాప చాలాసేపు ఆ కూలర్ ముందే కూర్చుంది.

ఇంక తిరిగి వెళ్లాల్సిన వారం వచ్చింది. ఆఖరి ఆదివారం చర్చిలో పాస్టరుగారు, "మీ మనసుల ఉన్నది మౌనంగ ప్రభువుకు చెప్పుకోండ్రి" అన్నారు. అందరూ తలలు వంచారు. నేను చెప్పుకునేది ఒక్కటే కదా, అదే చెప్పుకుంటున్నాను. ఆ నిశ్శబ్దంలో పాప బెంచీ ఎక్కి నిలబడి, రికార్డు సాగినంత సాగదీసి, గొంతెత్తి అంది:

"పాత కూలర్లు, పాత ఫ్రిజ్‌లు, పాత ఇనుప సామాన్లు కొంటాం."

ముందు వరసలో ఒక ముసలమ్మ అలవాటుకొద్దీ "ఆమేన్" అంది. వెనక ఒకాయన లేచి బండి ఎక్కడాగిందో చూడటానికి బయటికి వెళ్లాడు. మా అమ్మ బెంచీ మీదే ఏడ్చింది, నేను కింద కూర్చుని ఏడ్చాను. ఇంటికొచ్చాక మా అమ్మ ప్రార్థన ఫలించిందంది. మామ తోటకు తీసుకెళ్లింది తనేనన్నాడు. ఆంటీకి మాత్రం అనుమానమే లేదు. "చిలకే. మీరు కడిగారు కదా, అందుకే అమ్మా నాన్నా అనకుండా ఇలా వచ్చింది" అంది.

కానీ ఆ సంతోషం నాకు రెండు రోజులు కూడా నిలవలేదు. పాప అదొక్కటే అంటోంది. అన్నం తింటావా అంటే పాత కూలర్లు. అమ్మ అనవే అంటే పాత ఫ్రిజ్‌లు. ఇది మాట్లాడటమా, మైకు తిరగడమా? చిలుక ఎంగిలి తింటే చిలుక పలుకులే కదా వస్తాయని విమానంలో కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. డాక్టరు దీన్ని ఏమంటుందోనన్న భయం మొదలైంది.

తిరిగొచ్చాక మొదటి ఆదివారం. వీధిలో ఆకు రాలినా వినిపించేంత నిశ్శబ్దం. మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నేను వంటగదిలో ఉన్నాను. పాప బాల్కనీలోకి వెళ్లి ఊచలు పట్టుకుని, నాచారం దాకా వినిపించేలా అరిచింది: "పాత కూలర్లు, పాత ఫ్రిజ్‌లు..."

కింద నుంచి టక్‌టక్ మొదలైంది. మా ఆయన పెదాల మీద వేలు పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నా వేలు కూడా దానంతటదే లేచింది. పాప అరుపు ఆపి, ఊచల్లోంచి వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఎవరూ రాలేదు. దాని భుజాలు దిగిపోయాయి. వేలు దించేసి, మా అమ్మ గొంతుతో వంటగదిలోంచి కేకేశాను.

"ఓ కూలర్ల భయ్యా, జర ఆగు."

పాప గిరుక్కున తిరిగింది. చేతికందిన కెటిల్ తీసుకెళ్లి దాని ముందు పెట్టాను. మూత వదులైపోయి, పారేద్దామనుకుంటున్న కెటిల్.

"గిది తీస్కుంటవా?" అన్నాను.

పాప దాని ముందు గొంతుక్కూర్చుంది. వేలితో మూత తిప్పింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తర్వాత నా మొహంలోకి చూసింది. రికార్డు సాగదీత లేదు. కాస్త బొంగురుగా, నేనెప్పుడూ వినని చిన్న గొంతు.

"ఖరాబ్ గాలేదమ్మా," అంది. "పెట్టుకో."

కింద టక్‌టక్ ఆగలేదు. నేను లోపలికి పరిగెత్తి మిక్సీ తెచ్చి పాప ముందు పెట్టాను.