పక్క సీటు బ్రేకు

ఆయన్ని వీధిలో అందరూ బ్రేకు మాస్టారు అంటారు. ముఖం మీద మాత్రం ఉత్త "మాస్టారూ" అనే పిలుస్తారు. ఆయనది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఏదో పెద్ద భవంతి ఊహించుకునేరు. ఇంటి ముందు గది, అందులో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు రోడ్డు గుర్తుల పటం, గుమ్మం ముందు ఎల్ అక్షరం అంటించుకున్న ఒక్కగానొక్క కారు. డ్రైవింగ్ స్కూలు కార్లన్నిటిలో ఉన్నట్టే ఆ కారులోనూ పక్క సీటు కింద రెండో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తడబడితే నేర్పేవాడు బండి ఆపడానికి. మిగతా మాస్టార్లు దాన్ని ఆపద వచ్చినప్పుడు తొక్కుతారు. మన మాస్టారు కారెక్కింది మొదలు దిగేదాకా దాని మీంచి కాలు తీయడు.

కుక్క కనిపిస్తే తొక్కుతాడు. కుక్క నీడ కనిపించినా తొక్కుతాడు. ఎదురుగా సైకిలు మీద వచ్చే మనిషి వాలకం నచ్చకపోయినా తొక్కుతాడు. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, సినిమా హాల్లో తెర మీద కారు దూసుకొచ్చినా ఆయన కాలు ముందు సీటును ఒక్క తన్ను తంతుంది. ఆ సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగి తిడతారు. భోజనాల దగ్గర భార్య ఏదైనా గట్టిగా అడగడం మొదలుపెడితే బల్ల కింద ఆయన పాదం నేలను నొక్కుతుంది. ఆవిడ మాట ఆగదు, అది వేరే విషయం.

ఇన్నేళ్ళలో తన బండి మీద ఒక్క గీత పడలేదని చెప్పుకోవడం ఆయనకు మహా ఇష్టం. చెప్పుకోనిది ఏమిటంటే, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళకు బ్రేకు వేయడం రాదు. ఎలా వస్తుంది? వాళ్ళు వేసేలోపే ఆయన వేసేస్తే! ఎర్రలైటు దగ్గర ఆగాల్సిన మనిషి బిక్కమొహం వేసుకుని పక్క సీటు వైపు చూశాడంటే, అతను మాస్టారి శిష్యుడని ట్రాఫిక్ పోలీసులు కూడా ఇట్టే పోల్చేస్తారు. ఖాళీ సీటు చూసి, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి, అప్పుడు తన కాలు తాను వెతుక్కుంటాడు పాపం.

అందరికన్నా పాత శిష్యురాలు ఆయన భార్యే. ముందు గదిలో రోడ్డు గుర్తుల పాఠం చెప్పేది ఆవిడ. ఎక్కడ ఓవర్‌టేక్ చేయకూడదో, నాలుగు రోడ్ల కూడలిలో ఎవరికి దారివ్వాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పెళ్ళయిన కొత్తలో స్టీరింగు ముందు కూర్చుంది, పిల్లలు ఎదిగి ఉద్యోగాల్లో చేరినా ఇంకా నేర్చుకుంటూనే ఉంది. "నన్ను కూడా పరీక్షకు పంపకూడదుటండీ?" అని ఆవిడ అడిగినప్పుడల్లా, "ఇంకా చెయ్యి కుదరాలోయ్" అంటాడు ఈ మహానుభావుడు. తన పాదం బ్రేకు మీద ఉన్నంతకాలం ఏ చెయ్యీ కుదరదని ఆయనకు తట్టలేదు.

ఇంటి పక్కనే మెకానిక్ షెడ్డు ఉంది. అది ఆవిడ తమ్ముడిది. బావను ఏడిపించడానికే పుట్టినట్టుంటాడు. కారు సర్వీసింగుకు వెళ్ళినప్పుడల్లా ఒకటే పాట.

"బావా, మా అక్క వైపు బ్రేకు షోరూములోంచి నిన్ననే వచ్చినట్టుంది. నీ వైపుదేమో రబ్బరు పూర్తిగా అరిగి ఇనుము బయటపడింది. ఇంతకీ బండి నడిపేదెవరు?"

"నువ్వు నోరు మూసుకుని ఆయిలు మార్చు" అంటాడు మాస్టారు.

ఇలా గుట్టుగా సాగిపోయే సంసారంలోకి ఎదురింట్లో తెరిచిన ఇంకో డ్రైవింగ్ స్కూలు వచ్చి పడింది. అక్కడ కారు ఎక్కకముందే తెర ముందు కూర్చోబెట్టి బండి నడపడం నేర్పుతారట. ఏసీ గదులు, తిరిగే కుర్చీలు. మాస్టారి ప్లాస్టిక్ కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ దగ్గర లేనిది తన దగ్గర ఏదో ఒకటి ఉండి తీరాలి. సరిగ్గా అప్పుడు ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. మంచు శిఖరం ఎక్కిస్తాం, అనుభవం అక్కర్లేదు, ఓ మాదిరి ఆరోగ్యం, గుండె నిండా ధైర్యం చాలు, మిగతాదంతా మా గైడు చూసుకుంటాడు!

మాస్టారు మేడ మెట్లెక్కితేనే మధ్యలో ఆగి, పిట్టగోడ పట్టుకుని, ఊరు చూస్తున్నట్టు నటించే రకం. అయినా మనసులో ఏదైనా పడిందంటే ఇక ఆపేవాళ్ళు లేరు. రోజూ పొద్దున్నే వీపున సంచీ తగిలించుకుని, అందులో పాత గేరుబాక్సు విడిభాగాలు వేసుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. డాక్టరు గుండె, ఊపిరితిత్తులు చూసి సరేనన్నాడు. ఇక వెళ్ళడమే తరువాయి.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ చెప్పే పనే లేదు. ఆయన వెళ్ళకముందే బోర్డు రాయించాడు.

ఇంటి వెడల్పంతా పట్టిన బోర్డు. తెల్లటి శిఖరం, దాని మొన మీద మాస్టారు. పెయింటరు ఉత్సాహవంతుడు కాబట్టి ఒక చేతిలో జెండా, రెండో చేతిలో స్టీరింగు పెట్టాడు, పొట్ట తీసేశాడు. కింద ఎర్రక్షరాలతో, "శిఖరాన్నే ఎక్కినవాడు మీకు గేర్లు నేర్పలేడా?"

"ఎక్కి వచ్చాక రాయించుకోవచ్చుగా?" అంది భార్య.

"ఎలాగూ ఎక్కుతున్నాంగా. వచ్చేసరికి రంగు ఆరిపోయి ఉంటుంది."

"సరే, మీ ఇష్టం. కారు తాళం ఇచ్చి వెళ్ళండి."

"ఎందుకూ?"

"బండి కదలకుండా పడుంటే బ్యాటరీ పోతుంది."

"పక్కన నేను లేకుండానా? బలేదానివే!" అని ఆయన పకపకా నవ్వి, తాళం లోపలి జేబులో వేసుకుని, జిప్పు లాగాడు. ఆ తాళం మంచుకొండల దాకా వెళ్ళింది. కారు గుమ్మం ముందే ఉంది.

కొండ అడుగున బేస్ క్యాంపులో ఆయనకు తోడుగా తాడుకు కట్టిన మనిషి ఒక పళ్ళ డాక్టరమ్మ. బక్కపలచటి మనిషి, నవ్వు మొహం. ఆసుపత్రి గదిలో కిటికీకి ఎదురుగా ఈ కొండ బొమ్మే పెట్టుకుని, జనం నోళ్ళలోకి చూసి చూసి విసుగేసినప్పుడల్లా దాన్ని చూసేదట. చేతులు వణికే వయసు రాకముందే ఎక్కాలని ఇన్నాళ్ళకు బయలుదేరింది. వీళ్ళిద్దరినీ తీసుకెళ్ళే గైడు పొడి మాటల మనిషి. నవ్వితే ఆ మేరకు ఊపిరి వృథా అవుతుందన్నట్టుంటాడు.

ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడాలని గైడు వాళ్ళను కొంత దూరం ఎక్కించి మళ్ళీ కిందికి దింపేవాడు. "ఎక్కింది దిగడమెందుకయ్యా? కొండ మీద కూడా రివర్సు గేరా?" అని మాస్టారు దారి పొడుగునా సణిగాడు. తలనొప్పితో, తిండి సయించక, గుడారంలో పడుకుని కూడా డాక్టరమ్మకు తన బండి మీద ఒక్క గీత పడని సంగతి చెప్పాడు. ఆవిడ మర్యాదస్థురాలు కాబట్టి ప్రతిసారీ "అలాగా" అంది.

అసలు తంటా తాడుతో వచ్చింది. ముగ్గురూ నడుం పట్టీలకు ఒకే తాడు కట్టుకుని, మధ్యలో దూరం ఉంచుకుని, మంచు మీద నడవాలి. ఒకరు జారితే మిగతా ఇద్దరూ ఆపాలి. జారనప్పుడు లాగకూడదు. ఈ రెండో ముక్క మాస్టారి చెవికెక్కలేదు. మొదట ఆయన్ని మధ్యలో కట్టారు. ముందు గైడు కాస్త జోరుగా నడిస్తే చాలు, ఆయన మడమలు మంచులో దిగేసి వెనక్కి వాలేవాడు. వెనక డాక్టరమ్మ దగ్గితే ఆగిపోయేవాడు.

"సార్, తాడు లాగకండి."

"లాగడంలేదు బాబూ, జాగ్రత్తగా ఉంటున్నా."

"ఎవరూ పడలేదు కదా సార్."

"పడకముందే ఆపాలి. అదే నా పాలసీ."

అటు ఒకరినీ ఇటు ఒకరినీ ఆపుతున్నాడని గైడు ఆయన్ని తాడు చివరకు మార్చాడు. ఇక ఒక్కరినే ఆపగలడు. మంచులో చీలికలు వచ్చే చోట ఏం చేయాలో కూడా గైడు విడమరిచి చెప్పాడు. చీలిక దాటే మనిషి "వదులు" అని కేక వేస్తుంది, వెనకాయన ఒకడుగు ముందుకేసి తాడు వదలాలి, ఆ మనిషి గెంతుతుంది. మాస్టారు తలూపాడు. ఆయన తలూపడంలో ఎన్నడూ లోటు చేయలేదు.

శిఖరానికి బయలుదేరిన పొద్దున ఆకాశం అద్దంలా ఉంది. సూర్యుడు వచ్చేసరికి కొన పైనే కనిపిస్తోంది, బోర్డు మీద పెయింటరు వేసినదానికంటే కాస్త మొద్దుగా. మాస్టారి గుండె పొంగిపోయింది. మెడ నొప్పి పెట్టేలా పైకి చూస్తూ నడిచాడు. ఎక్కకుండా వెనక్కి వెళితే ఆ ఎర్రక్షరాల కింద కుర్చీ వేసుకుని ఎలా కూర్చోవడం, ఎదురింటివాళ్ళ మొహాలు ఎలా చూడడం అని రోజూ బెంగపడ్డ మనిషికి ఆ భయం మొదటిసారి తీరింది.

అక్కడ అడ్డంగా ఒక చీలిక వచ్చింది. పెద్దది కాదు, ఒక్క గెంతుకు సరిపోయేది. గైడు దాటి అవతల మంచు గొడ్డలి పాతి నిలబడ్డాడు. డాక్టరమ్మ అంచుకు వచ్చి, ఊపిరి పీల్చుకుని, "వదులు" అని కేకేసింది.

మాస్టారు వదిలాడు. నిజం చెప్పాలంటే, వదిలే ఉద్దేశంతోనే అడుగు ముందుకేశాడు. కానీ ఆవిడ కాళ్ళు నేల వదలడం కళ్ళారా చూశాడు. కింద నీలంగా చీకటి. ఇన్నేళ్ళ కుడికాలు ఊరుకుంటుందా? ఇనుప ముళ్ళ బూటు మంచులో కసుక్కున దిగింది, ఒళ్ళంతా వెనక్కి వాలింది, తాడు బిర్రుగా బిగిసింది. గాల్లో ఉన్న మనిషి గాల్లోనే ఆగి, వెనక్కి గుంజుకొచ్చి, చీలికలో పడింది.

గైడు గట్టివాడు కాబట్టి తాడు పట్టి నిలిచాడు. ఇద్దరూ లాగితే డాక్టరమ్మ పైకొచ్చింది. ఒళ్ళంతా మంచు, కుడి మణికట్టు అప్పుడే వాచిపోతోంది. పళ్ళు పీకే చెయ్యి అది.

"చూశారా!" అన్నాడు మాస్టారు రొప్పుతూ. ఆయన మొహంలో ఒక వెలుగు. "నేను పట్టుకోకపోతే ఏమైపోయేవారో!"

డాక్టరమ్మ ఆ రోజు "అలాగా" అనలేదు. "మీరు పట్టుకోకపోతే నేను అవతల ఉండేదాన్ని" అంది.

గైడు ఇవతలికి గెంతి వచ్చాడు. కొనవైపు ఒకసారి, ఆవిడ చేతివైపు ఒకసారి చూసి, తాడు విప్పి కిందివైపుకు కట్టాడు. దిగేదారంతా డాక్టరమ్మ వెనక్కి తిరిగి కొండను చూడలేదు. మాస్టారు చూశాడు, చాలాసార్లు. ఇంకొకరు గదిలో బొమ్మ పెట్టుకుని ఎదురుచూసిన కొండకు తాను అడ్డం పడ్డానని మెల్లగా, ఆలస్యంగా, అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ ఫోనుకు సిగ్నలు దొరికిన చోట భార్యతో మాత్రం, "వాతావరణం పాడైందోయ్, మిగతావి వచ్చాక చెబుతా" అన్నాడు.

రైలు దిగి స్టేషను బయటికి వస్తే ఎదురుగా తన కారు. స్టీరింగు ముందు భార్య. ఎల్ అక్షరం లేదు.

మాస్టారు నిర్ఘాంతపోయి లోపలి జేబు తడుముకున్నాడు. తాళం అక్కడే ఉంది.

"బండి కొన్నప్పుడు రెండు తాళాలిచ్చారు కదండీ" అంది ఆవిడ. "కూర్చోండి. పరీక్ష పాసయ్యాను. మొదటిసారికే."

ఆయన అలవాటుగా పక్క సీట్లో కూర్చున్నాడు. బండి కదిలింది. కూడలి దగ్గర ఒక ఆటో అడ్డంగా వచ్చింది. మాస్టారి పాదం టక్కున నొక్కింది. కింద ఉత్త చాప! కారు మాత్రం మెత్తగా, కుదుపు లేకుండా, ఆటోకు దారిచ్చి ఆగింది.

"బ్రేకేదీ?"

"తమ్ముడితో తీయించేశాను. కాలు తీసి మామూలుగా కూర్చోండి."

ఇల్లు చేరేదాకా ఆయన ఆ చాపను ఎన్నిసార్లు తొక్కాడో చెప్పలేం. ఆవిడ ఒక్కసారి కూడా ఆయన వైపు చూడలేదు. రోడ్డు చూసింది. ఇంటి ముందు రెండు బళ్ళ మధ్య ఇరుకు చోటులో ఒక్క తిప్పుకు కారు పెట్టింది. నెత్తిన బోర్డు, దాని మీద పొట్ట లేని మాస్టారు జెండా ఊపుతున్నాడు. షెడ్డులోంచి బావమరిది చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వాడి వెనక ఎదురింటి స్కూలువాళ్ళు కూడా మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు.

"ఏం బావా, ఎక్కేశావా మరి?" అన్నాడు బావమరిది.

"ఆఁ, ఎక్కా..." దాకా నాలుక చివరికి వచ్చేసింది. వాతావరణం సంగతి, మేఘాల సంగతి, కొనకు బారెడు దూరంలో తిరగాల్సి వచ్చిన సంగతి, అన్నీ వరసగా బయలుదేరి వస్తున్నాయి. ఎక్కడో ఆగాలి, ఎలా ఆగాలో తెలియలేదు. మాస్టారు పక్క సీటు వైపు చూశాడు.

ఆవిడ ఇంజను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మాస్టారు బావమరిది వైపు తిరిగాడు. "ఎక్కలేదురా" అన్నాడు చివరికి. "నేనే తాడు గుంజాను. ఒకావిడ పడిపోయింది. పాపం, ఆవిడ ఎక్కేదే."

ఎదురింటి మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. బావమరిదికి వేళాకోళం ఆడాలనిపించలేదు. తలెత్తి చూసి, "మరి బోర్డూ?" అన్నాడు.

"కొండ బాగానే వేశాడు, ఉండనీ" అంది ఆవిడ, తలుపు తీసుకుని దిగుతూ. "రేపు పెయింటరును పిలిచి మనిషిని తుడిపేయిద్దాం."