చదివి వినిపించగా

మా సెక్షన్‌లో కంప్యూటర్లు పెడుతున్నారని పాత బీరువా ఖాళీ చేయించారు. అడుగు అరలో సగం వాడిన కార్బన్ కాగితాల కట్ట దొరికింది. విప్పగానే కొంచెం కిరోసిన్‌లా, కొంచెం మైనంలా ఆ వాసన ముఖానికి తగిలింది. "పడెయ్యమ్మా, చేతులకంతా మరకలు" అంది పక్క సీటామె. పడెయ్యలేకపోయాను. నాకది మల్లేశం మామ వాసన. ఆయన చొక్కా జేబు అంచూ కుడిచేతి చిటికెన వేలూ ఎప్పుడూ నీలంగానే ఉండేవి.

ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల రైటర్ అంటే సినిమాకు కథో మాటలో రాసేవాడు. కృష్ణానగర్‌లో మా గల్లీలోనే అలాంటి రైటర్లు, కాబోయే రైటర్లు నలుగురైదుగురు కిరాయికి ఉండేవారు. మా ఇంట్లో మాత్రం రైటర్ అంటే హెడ్ కానిస్టేబుల్ మల్లేశం ఒక్కడే. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదులు, వాంగ్మూలాలు రాసే మనిషిని కూడా రైటర్ అనే అంటారు. ఎవరు ఎన్నింటికి డ్యూటీ ఎక్కారో, ఎన్నింటికి దిగారో స్టేషన్ డైరీలో ఎక్కించేదీ ఆయనే. మా బాపు అదే స్టేషన్‌లో కానిస్టేబుల్. అమ్మ ఆయనను అన్నా అనేది కాబట్టి నాకు మామ అయ్యాడు.

కొత్తవాళ్లు వస్తే నేను లోపలి గదిలోకి వెళ్లిపోయేదాన్ని. లైబ్రరీ పుస్తకాలు, ఒక డైరీ, అంతే నా లోకం. ఒకసారి గడపలో కూర్చుని రాసుకుంటూ మామకు దొరికిపోయాను. "నేనూ డైరీ రాస్త, నువ్వూ డైరీ రాస్తవు. నా దాంట్ల దొంగలుంటరు. నీ దాంట్ల ఎవలుంటరే?" అన్నాడు. నేను చటుక్కున మూసేశాను. "ఫికర్ జెయ్యకు బిడ్డా, వారెంటు లేకుంట తెరువ" అని నవ్వాడు.

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా బాపు పోయాడు. ఆ సాయంత్రం డ్యూటీ దిగి, మామూలు చొక్కా వేసుకుని, నడుచుకుంటూ ఇంటికి వస్తున్నాడు. ఫిల్మ్‌నగర్ దారిలో షూటింగ్ నుంచి తిరిగి వస్తున్న ఒక జూనియర్ ఆర్టిస్ట్ మెడలోంచి బైకు మీద వచ్చిన ఇద్దరు గొలుసు తెంపుకుపోయారు. బాపు వెంటపడి వెనక కూర్చున్నవాణ్ణి పట్టుకున్నాడు. వాడు వదిలించుకోబోతే బండి ఈడ్చుకుపోయి, బాపు తల డివైడర్‌కు తగిలింది. తెల్లారి ఆస్పత్రిలో ప్రాణం పోయింది. దొంగలు దొరికారు.

డ్యూటీలో చనిపోయిన పోలీసుల కుటుంబాలకు సర్కారు సాయం ఇస్తుంది. ఒకరికి ఉద్యోగం కూడా ఇస్తుంది. మాకు మాత్రం మూడు నెలలకు ఒక ఉత్తరం వచ్చింది. అప్పటికే విధుల నుంచి దిగిపోయినందున, దీనిని రోడ్డు ప్రమాదంగా పరిగణించడమైనది అని అందులో ఉంది. అభ్యంతరం ఉంటే ఫలానా సోమవారం విచారణాధికారి ముందు హాజరు కావాలి. ఆ వారమే ఇంటి ఓనరు వచ్చి, మాదాపూర్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు రెండింతలు కిరాయి ఇస్తామంటున్నారని చెప్పి పోయాడు. అమ్మకు ఆ మాటకన్నా ఉత్తరంలోని మాటే ఎక్కువ గుచ్చుకుంది. "ఊకె రోడ్డు మీద పడి సచ్చిపోయిండని రాసిండ్రు సూడే" అని మళ్లీ మళ్లీ అనేది.

మల్లేశం మామ రాగానే అమ్మ ఆయన ముందు నేల మీద కూర్చుంది. "అన్నా, ఆ పుస్తకం నీ చేతులనే ఉంటది గదా. దిగిండన్న కాడ ఒక గంట లేటుగ దిగినట్టు దిద్దితే ఎవలకు ఎరుక?"

మామ తల అడ్డంగా ఊపాడు. "దిద్దుడు నాతోని కాదు చెల్లె. రేపు కోర్టుల అది అబద్ధమని తేలితే ఆ దొంగలు నవ్వుకుంట బయటికొస్తరు. మీ ఆయన వాళ్లను పట్టిందంత పాడైతది."

"నీ నౌకరీ పోతదని భయం. గదీ అసలు సంగతి."

"అది గూడ ఉన్నది" అన్నాడు మామ, తల వంచుకుని.

అమ్మ లేచి వెళ్లి తలుపు తెరిచి పట్టుకుంది. ఆయన వెళ్లిపోయాడు. ఆ రోజు నా డైరీలో ఆయన గురించి రాసిన మాట ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

అయినా శుక్రవారం సాయంత్రం మళ్లీ వచ్చాడు. ఆ జూనియర్ ఆర్టిస్ట్ ఇచ్చిన ఫిర్యాదు నకలు తెచ్చాడు, అప్పీలుకు జత చేయడానికి. అమ్మ లోపలినుంచి రాలేదు. నేనే తీసుకుని చదివాను. మామ చక్కటి చేతిరాత. "నేను పై విలాసమందు నివసించుచూ, సినిమాలలో వేషములు వేసుకొని జీవించుచున్నాను" అంటూ మొదలవుతుంది. కిందికి వస్తే, "ఒక వ్యక్తి కేకలు వేయుచూ వెంబడించగా" అని ఉంది. అక్కడ ఆగాను. మా బాపు ఆ కాగితంలో ఒక వ్యక్తి.

"మామా, ఏమని కేకలేసిండు?"

మామ అర్థం కానట్టు చూశాడు.

"బాపు. కేకలేసిండని రాసినవు గదా. ఏమని?"

ఆయన కాగితం తీసుకుని వెలుతురుకు పట్టాడు, తను రాసింది కానట్టు. చిటికెన వేలు చివరి వాక్యం దగ్గర ఆగింది. 'నేను చెప్పినది చదివి వినిపించగా సరిగా ఉన్నదని ఒప్పుకొనుచున్నాను.' ప్రతి ఫిర్యాదు చివరా ఉండే మాటే అది.

"ఆమె ఏదో చెప్పింది బిడ్డా" అన్నాడు మెల్లగా. "అంత రాసెటందుకు టైం లేకుండె. స్టేషన్ నిండ జనం, మీ బాపును ఆస్పత్రికి తీస్కపోతున్నరు. కేకలు అని రాసిన. ఆమెకు చదివి వినిపియ్యలే. వినిపించినట్టు రాసిన."

సోమవారానికి మధ్యలో రెండే రోజులు. ఆమె పేరు వసంత. పాత గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. శనివారం పొద్దున్నే మామ నన్ను వెంట తీసుకుని, జూనియర్ ఆర్టిస్టులు పని కోసం నిలబడే కృష్ణానగర్ అడ్డా మీద, తర్వాత యూసుఫ్‌గూడ గల్లీల్లో వాకబు చేశాడు. మధ్యాహ్నానికి, జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో పెళ్లి సీను తీస్తున్నారని తెలిసింది. గేటు దగ్గర ప్రొడక్షన్ మేనేజర్ అడ్డం నిలబడ్డాడు. "షాట్ మధ్యలో పోలీసులేంటండీ బాబూ, హీరోయిన్‌గారు మూడింటికి వెళ్లిపోవాలి." మామ చేతులు జోడించాడు. ఒంటి మీద యూనిఫాం ఉండగా ఆయన చేతులు జోడించడం అంతకుముందు నేను చూడలేదు.

జనరేటర్ వ్యాన్ పక్కకు వచ్చిన వసంత మెడ నిండా గిల్టు నగలు. మామ ప్రశ్న వినగానే ఆమెకు కోపం వచ్చింది. "ఆ రోజే చెప్పాను కదండీ! మీరు రాసుకుంటున్నారనే అనుకున్నాను. 'ఆగురా, పోలీసోన్ని నేను, ఆగు' అని అరుచుకుంటూ పరిగెత్తాడండీ ఆయన. అందుకే ఆ వెనకాలోడు బెదిరిపోయి కాలితో తన్నాడు."

బాపు గొంతు మూడు నెలల తర్వాత నాకు మళ్లీ వినిపించింది, కోస్తా యాసలో. తెలియనివాళ్లతో మాట్లాడని నేను ఆమె చెయ్యి పట్టుకుని అడిగాను. "ఇంకోసారి అనండి."

నేనెవరో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఈసారి నెమ్మదిగా అంది.

మామ ఇనుప కుర్చీ మీద కాగితాల మధ్య కార్బన్ పెట్టి, ఆమె అన్నది అన్నట్టే రాశాడు. రాసి, జనరేటర్ మోతను మించి గట్టిగా చదివాడు. "చొక్కా కాదండీ, కాలర్" అని ఆమె ఆపింది. కొట్టేసి, పక్కన సంతకం పెట్టించి, మళ్లీ మొదటినుంచి చదివాడు. లోపలినుంచి ఆమెను పిలుస్తూనే ఉన్నారు. ఆయన తొందరపడలేదు.

సోమవారం విచారణాధికారి ఆ కాగితం వంక, మామ వంక మార్చి మార్చి చూశాడు. "మొదట లేని మాట ఇప్పుడెట్ల పుట్టింది? దోస్తు పెండ్లాం పిల్లల కోసం రాయించినవా?"

అమ్మ నా మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"మొదలే చెప్పింది సార్. నేనే రాయలే. చదివి వినిపియ్యకుంట, వినిపించినట్టు రాసిన."

"ఇది నీ మెడకు చుట్టుకుంటది. ఎరుకేనా?"

"ఎరుకే సార్."

"అయితే రాసియ్యి."

మామ అక్కడే కూర్చుని రాసిచ్చాడు. రాసింది పైకి చదివి, కింద సంతకం పెట్టాడు. అధికారి వసంతను పిలిపించి స్వయంగా అడిగాడు. ఆమె అదే మాట చెప్పింది. తనను పోలీసుగా చాటుకుని దొంగను పట్టుకున్నాడు కాబట్టి ఇది విధి నిర్వహణలో మరణమే అని ఉత్తర్వు వచ్చింది. అమ్మ ఆ ఒక్క మాట నాతో పదిసార్లు చదివించుకుంది.

మామకు రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది. రైటర్ సీటు నుంచి తీసేసి చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో వేశారు. అమ్మ సకినాలు డబ్బాలో పెట్టి నన్ను పంపింది. ఎండలో, హారన్ల మధ్య ఆయన డబ్బా అందుకుని, "మీ అమ్మ కోపం పోయిందా?" అని అడిగాడు. నా కళ్లల్లో నీళ్లు చూసి, "ఏడ్వకు. ఒక్క మాట మింగినందుకు గిది తక్కువనే" అన్నాడు. వేలికి నీలం లేదు. మామ పోయినేడు వాళ్ల ఊళ్లో కాలం చేశాడని ఆలస్యంగా తెలిసింది.

బాపు ఉద్యోగం కింద నాకీ గుమాస్తా సీటు వచ్చింది. సర్కారు సాయం కోసం వచ్చేవాళ్ల అర్జీలు రాస్తాను, నేరాల్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లవి. ఇప్పటికీ కొత్త ముఖం చూస్తే గొంతు పెగలదు, కానీ రాసింది చదవడానికి పెగులుతుంది. క్యూ పెరుగుతోందని ఆఫీసరు విసుక్కుంటాడు. నిన్న మోతీనగర్ నుంచి ఒకామె వచ్చింది. కల్లు దుకాణం దగ్గర కొట్లాట ఆపబోయి భర్త కత్తిపోటుకు పోయాడు. చెప్పినట్టే రాసి, చదివాను. "'ఇడిసిపెట్టుండ్రి, పసిపోరడు వాడు' అని నా భర్త అనగా" అన్నచోట ఆమె చెయ్యెత్తింది.

తప్పు రాశానేమోనని పెన్ను తీశాను.

"తప్పు కాదు బిడ్డా. ఆ మాట ఇంకోపాలి సదువు."

చదివాను.